చేతికందిన పుస్తకం, తెరుచుకున్న పేజీ: అక్కడ ఏముందో చెప్పండి

పుటల_మధ్య

కూర్చున్న చోటు నుంచి లేవకుండా చెయ్యి చాపితే ఏ పుస్తకం అందుతుందో అది తీయండి. నవలా, పాఠ్యపుస్తకమా, వైద్యం పుస్తకమా, పిల్లల అట్లాసా అని చూడొద్దు. ఎక్కడో ఒక చోట తెరిచి, కళ్లు పడిన పేరా చదివి, అందులో ఏముందో ఇక్కడ రాయండి. మంచి పేజీ దొరికేదాకా తిప్పుతూ కూర్చోవద్దు, నేను పెట్టే గట్టి షరతు అదొక్కటే. మక్కీకి మక్కీ దించేది రెండు మూడు లైన్లు మించకుండా చూసుకుని, మిగతాది మీ మాటల్లో చెప్పండి. ఏ రకం పుస్తకమో, ఎన్నో పేజీయో కూడా రాయండి.

ముందు నాది. పాత భౌతికశాస్త్రం పాఠ్యపుస్తకం, కాంతి అధ్యాయం, పేజీ 212. గురుగ్రహం చుట్టూ తిరిగే అయో అనే చందమామ దాదాపు 42 గంటల 30 నిమిషాలకు ఒకసారి గురుడి నీడలోకి వెళ్లి మాయమవుతుంది. టైం తప్పడానికి వీల్లేని వ్యవహారం. అయినా భూమి గురుడికి దూరంగా జరిగే నెలల్లో ఆ గ్రహణాలు లెక్క కంటే ఆలస్యంగా, దగ్గరయ్యే నెలల్లో ముందుగా కనబడుతున్నాయి. పారిస్‌లో పనిచేస్తున్న ఓలే రోమర్ అనే డెన్మార్క్ ఖగోళ శాస్త్రజ్ఞుడు 1676లో దీనికి కారణం చెప్పాడు: అయో ఆలస్యం చెయ్యట్లేదు, అక్కడి వెలుగు మన దాకా రావడానికి సమయం పడుతోంది. భూమి కక్ష్యను ఈ చివర నుంచి ఆ చివరకి దాటడానికి వెలుగుకు 22 నిమిషాలు పడుతుందని ఆయన లెక్క. ఇప్పటి లెక్క ప్రకారం అది 16 నిమిషాల 40 సెకన్లు.

వెలుగు వేగం ఎంతో బడిలో బట్టీ పట్టాను. కానీ వెలుగు ప్రయాణానికి సమయం పడుతుందని మనిషికి మొదట ఎలా తెలిసిందో నన్ను ఎవరూ అడగలేదు. ఈ పేరా పక్కన, నాకంటే ముందు ఈ పుస్తకం చదివినవాళ్లెవరో పెన్సిల్‌తో "పరీక్షకు రాదు" అని రాసి పెట్టారు. పుస్తకం మొత్తంలో నాకు నచ్చిన పేరా అదే.

వానకోయిల

పక్షుల పుస్తకం, పేజీ 97. స్విఫ్ట్ అనే పిట్ట గురించి. బరువు 40 గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. తినడం, తాగడం, నిద్ర, అన్నీ ఎగురుతూనే. కాళ్లు ఎంత పొట్టివంటే కొమ్మ మీద కూర్చోలేదు, గోడనో కొండరాతినో గోళ్లతో పట్టుకుని వేలాడుతుంది. గూడు పెట్టే కాలం తప్పితే దానికి నేలతో పని లేదు. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయం వాళ్లు వీటి వీపుకు చిన్న పరికరాలు కట్టి చూశారు. కొన్ని పిట్టలు 10 నెలల పాటు ఒక్కసారి కూడా వాలలేదని 2016లో తేలింది.

ఈ పది నెలల సంగతి బొమ్మ కింద రెండే రెండు లైన్లలో ఉంది. ఆ పక్క పేజీలో ముక్కు పొడవు, రెక్కల పొడవు, గుడ్ల రంగు వివరంగా ఇచ్చారు. పది నెలలు ఆకాశంలో బతికే ప్రాణి గురించి రెండు లైన్లేనా అనిపించింది. తర్వాత అదే మంచిదనిపించింది. ఆ రెండు లైన్లు చదివి పుస్తకం మూసేశాను, ఇంకో పేజీలోకి వెళ్లబుద్ధి కాలేదు.

ఎర్రదీపం

నా దగ్గర ఫోన్ తప్ప ఏమీ లేదు. అందులో ఉన్న పుస్తకాలు లెక్కలోకి వస్తాయా?

పుటల_మధ్య

ఎందుకు రావు? కళ్లు మూసుకుని వేలితో పైకి తోసి ఆపండి. ఎక్కడ ఆగితే అదే మీ పేజీ.

దారప్పోగు

నేను బట్టలు కుడతాను. మిషన్ పక్కన కటింగ్ పుస్తకం ఎప్పుడూ ఉంటుంది, అదే తెరిచాను. పేజీ 34, క్రాస్ కటింగ్.

నేసిన బట్టలో రెండు రకాల పోగులుంటాయి. అంచు వెంట పోయేది పడుగు, దానికి అడ్డంగా పోయేది పేక. ఆ రెంటి వెంబడి లాగితే బట్ట పెద్దగా సాగదు. రెంటికీ మధ్యలో, 45 డిగ్రీల ఏటవాలుగా లాగితే అదే బట్ట సాగుతుంది. మెడ చుట్టూ, చంక దగ్గర వేసే పట్టీలను క్రాస్‌లో కత్తిరించమనేది అందుకే. వంపు దగ్గర ముడతలు పడకుండా తిరుగుతాయి.

చదివినవాళ్లు ఒక చేతిరుమాలు తీసుకోండి. ముందు అంచు వెంబడి లాగండి. తర్వాత ఎదురెదురు మూలలు రెండూ పట్టుకుని లాగండి. గళ్ల రుమాలైతే ఇంకా బాగా కనబడుతుంది, చదరపు గళ్లు వాలిపోయి వజ్రం ఆకారంలోకి వస్తాయి. పోగు సాగట్లేదు, పోగుల మధ్య మూల మారుతోంది. ఈ పని రోజూ చేస్తాను, అయినా ఈ పేరా చదువుతుంటే బట్ట లోపలికి వెళ్లి చూసినట్టుంది.

వానకోయిల

లాగి చూశాను అక్కా! గళ్ల రుమాలే. నిజంగా వజ్రాలైపోయాయి.

ఎర్రదీపం

వేలు ఆగింది. ప్రథమ చికిత్స పుస్తకం, కాలిన గాయాలు.

కాలిన చోట వెంటనే చల్లటి నీళ్లు ధారగా 20 నిమిషాలు పోయాలి. కుళాయి కింద పెట్టినా సరే. ఐసు పెట్టకూడదు, అది చర్మాన్ని ఇంకా పాడు చేస్తుంది. టూత్‌పేస్టు, నూనె, వెన్న లాంటివి పూయకూడదు. వాపు రాకముందే ఉంగరాలు, గాజులు, వాచీ తీసేయాలి. చర్మానికి అతుక్కున్న బట్టను పీకకూడదు. బొబ్బలు చిదపకూడదు. తర్వాత శుభ్రమైన బట్ట వదులుగా కప్పాలి. అరచెయ్యి కంటే పెద్ద గాయమైనా, ముఖం మీద, చేతుల మీద, కీళ్ల దగ్గర కాలినా, కరెంటు వల్ల గానీ రసాయనాల వల్ల గానీ కాలినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

ఈ పుస్తకం ఎప్పుడో దింపుకున్నాను, తెరవడం ఇదే మొదలు. 20 నిమిషాలంటే చాలా ఎక్కువ సేపండీ. ఒకసారి గడియారం పెట్టుకుని చూడండి. కాలితే మనం రెండు నిమిషాలు కడిగి ఆపేస్తాం. ఉంగరాల సంగతి నాకు తట్టేదే కాదు. మా ఇంట్లో అందరికీ ఇది చదివి వినిపించాను.

నల్లసిరా

అందరూ ఉత్సాహంగా ఉన్నారు, సంతోషం. కానీ నాకో అభ్యంతరం ఉంది, మొహమాటం లేకుండా చెబుతాను. పేజీ మధ్యలోంచి ముక్క తీసి పంచుకోవడం కొన్ని పుస్తకాలకు సరిపడదు. కటింగ్ పుస్తకం, వైద్యం పుస్తకం అయితే పేరా తన కాళ్ల మీద తాను నిలబడుతుంది. కథకు, నాటకానికి అలా కుదరదు. కన్యాశుల్కంలో గిరీశం మాటలు చూడండి. అప్పుడప్పుడూ అభిప్రాయాలు మార్చుకోకపోతే రాజకీయవేత్త కాలేరని అతను అన్నదాన్ని గురజాడ అభిప్రాయంగా ఎంతమంది చెప్పుకోగా విన్నానో! ఆ మాట ఎవరంటున్నారు, ఎవరితో అంటున్నారు, ఏ అవసరంలో అంటున్నారు, ఇవన్నీ తీసేస్తే మిగిలేది గురజాడ రాసింది కాదు. గిరీశం నోట ఆ మాట పెట్టడంలోనే ఆయన చెప్పదలచుకున్నది ఉంది.

అందుకే నా కోరిక. సాహిత్యంలోంచి పెట్టేవాళ్లు ఆ మాట అన్నది పాత్రో రచయితో తప్పకుండా రాయండి. ఇలా ముక్కలుగా తిరిగే వాక్యాలకు చివరికి ఎవరి పేరు పడితే వాళ్ల పేరు తగులుకుంటుంది. రాయని మహానుభావుల పేరున ఎన్ని సూక్తులు తిరుగుతున్నాయో మీకు తెలియంది కాదు.

పుటల_మధ్య

ఒప్పుకుంటున్నాను నల్లసిరా గారూ. ఇకనుంచి అందరూ ఏ పుస్తకం, ఎన్నో పేజీ, ఎవరి నోటి మాట, ఈ మూడూ రాయండి.

మూడో_అర

నల్లసిరా గారి మాట చదివి పక్కకి తిరిగితే చేతికి సుమతీ శతకం తగిలింది. తెరిస్తే వచ్చిన పద్యం ఇది, నేను ఏరుకున్నది కాదు:

వినదగు నెవ్వరు చెప్పిన
వినినంతనె వేగపడక వివరింపదగున్
కని కల్ల నిజము దెలిసిన
మనుజుడె పో నీతిపరుడు మహిలో సుమతీ

చిన్నప్పుడు అప్పజెప్పిన పద్యం. అప్పుడు మొదటి పాదమే గుర్తుండేది, ఎవరు చెప్పినా వినాలని పెద్దవాళ్లు మమ్మల్ని కూర్చోబెట్టడానికి దాన్నే వాడేవాళ్లు. ఇప్పుడు కళ్లు రెండో పాదం మీద ఆగాయి. వినడం దగ్గర పద్యం ఆగలేదు, తొందరపడకుండా విడమరచి చూసుకోమంటోంది. అంటే మాకు సగం పద్యమే అంటగట్టారు.

చీకటి_చదువు

అందరికీ నమస్కారం. నాకు చూపు లేదు, స్క్రీన్ రీడర్‌తో వింటాను. ఇక్కడ అందరూ టైపు చేసి రాస్తున్నందుకు చాలా సంతోషంగా ఉంది. వేరే చోట్ల పేజీ ఫొటో తీసి పెట్టేస్తారు, నా ఫోన్ దాన్ని "చిత్రం" అని చదివి ఊరుకుంటుంది. దయచేసి ఇలాగే కొనసాగించండి.

నా చేతికందింది బ్రెయిల్ పుస్తకం. మామూలుగా అచ్చయ్యే ఒక పుస్తకం బ్రెయిల్‌లో నాలుగైదు లావుపాటి సంపుటాలవుతుంది. నా దగ్గర ఉన్నది మొదటి సంపుటం, వేళ్లు పడింది ముందుమాట మీద.

లూయీ బ్రెయిల్‌కు చిన్నతనంలో నాన్న తోలుపని చేసే చోట పదునైన పనిముట్టు కంటికి గుచ్చుకుంది. కొన్నాళ్లకు రెండో కన్ను కూడా పోయింది. ఛార్లెస్ బార్బియే అనే ఆయన తయారు చేసిన చుక్కల రాత పారిస్‌లో అతను చదివే బడికి వచ్చింది. అందులో గడికి 12 చుక్కలు. అంత గడి ఒక్క వేలి కొస కింద పట్టదు, అక్షరం తెలియాలంటే వేలు కిందికీ పైకీ జరపాలి. బ్రెయిల్ దాన్ని 6 చుక్కలకు కుదించాడు. అప్పటికి వయసు 15. 1829లో ఆ పద్ధతి పుస్తకంగా వచ్చింది.

ఆరు చుక్కల్లో ఏవి లేవాలి, ఏవి లేవకూడదు అన్న దాంతో 63 ఆకారాలు వస్తాయి. మనకు భారతీ బ్రెయిల్ ఉంది, 1951 నుంచి. అందులో తెలుగు 'క' అయినా హిందీ 'క' అయినా వేలికి ఒకటే తగులుతుంది. లిపి చూసే మీకు ఆ రెండూ వేర్వేరు ఆకారాలు కదా, మాకు అలా ఉండదు. ఇందులో మాకొక సుఖం ఉంది.

ఇంకో సంగతి. మీరు పేజీ తెరిస్తే ముందు పేజీ మొత్తం కనబడుతుంది, అందులో ఒక చోట కళ్లు ఆగుతాయి. నాకు వేలు పడిన అక్షరమే మొదలు. అది మాట మధ్యలో ఉంటుంది. అక్కడి నుంచి వెనక్కి జరిగి మాట మొదలు, ఇంకా వెనక్కి పోయి వాక్యం మొదలు వెతుక్కుంటాను. ఆ వెతుకులాటే నాకు ఇష్టం.

దారప్పోగు

అమ్మా, మీరు రాసింది చదివాక కళ్లు మూసుకుని బట్ట పట్టుకుని చూశాను. పడుగు ఎటో పేక ఎటో వేళ్లకు తెలుస్తోంది. మీతో చెప్పాలనిపించింది.

మాస్టారు_64

చదరంగం పుస్తకం. పేజీ 151. చివరాట సమస్యలు. బల్ల ఉన్నవాళ్లు పావులు పెట్టుకుని చూడండి, లేనివాళ్లు కాగితం మీద గీసుకోండి.

నిలువు వరసలు ఎడమ నుంచి ఏ, బి, సి, డి అలా హెచ్ దాకా, అడ్డ వరసలు తెలుపు వైపు నుంచి 1 మొదలు 8 దాకా. తెల్ల రాజు బి6, తెల్ల బంటు సి6. నల్ల రాజు ఏ1, నల్ల ఏనుగు డి5. బల్ల మీద ఇంకేమీ లేవు. తెలుపు ఎత్తు.

బంటు సి7కి వెళ్తుంది. ఇంకొక్క గడి దాటితే మంత్రి అవుతుంది. నల్ల ఏనుగు డి6 నుంచి చెక్ ఇస్తుంది. రాజు బి5కి వస్తాడు. మళ్లీ డి5 నుంచి చెక్, రాజు బి4. డి4 నుంచి చెక్, రాజు బి3. డి3 నుంచి చెక్, రాజు సి2. చెక్‌లు అయిపోయాయి. ఇక బంటును ఆపేవాళ్లు లేరనుకుంటాం. అప్పుడు నలుపు ఏనుగును డి4లో పెడుతుంది. తెలుపు బంటును మంత్రి చేస్తే ఏనుగు సి4కి వచ్చి చెక్ ఇస్తుంది. మంత్రి ఆ ఏనుగును తినక తప్పదు, తినగానే నల్ల రాజుకు కదలడానికి గడి ఉండదు, చెక్ కూడా ఉండదు. స్టేల్‌మేట్, ఆట డ్రా.

ఈ స్థితి 1895లో గ్లాస్గోలో ఒక పత్రికలో అచ్చయింది, నలుపు డ్రా చేసుకుంటుందన్న జవాబుతో. అక్కడే ఉంటున్న ఫెర్నాండో సావెద్రా అనే స్పెయిన్ మతాచార్యుడు దాన్ని చూసి, తెలుపు గెలుస్తుందన్నాడు. ఎలాగో తెలుసా? ఆఖరి గడిలో బంటును మంత్రిని చెయ్యకుండా ఏనుగును చెయ్యాలి. ఇప్పుడు నల్ల ఏనుగు సి4కి వచ్చినా స్టేల్‌మేట్ కాదు. పైగా తెలుపు ఏనుగు ఏ8కి వచ్చి మాట్ చేస్తానంటోంది. దాన్ని ఆపడానికి నల్ల ఏనుగు ఏ4కి పోక తప్పదు. తెల్ల రాజు బి3కి జరుగుతాడు. ఒక పక్క ఏ4లో ఉన్న ఏనుగును తింటానంటున్నాడు, ఇంకో పక్క సి1లో మాట్ సిద్ధంగా ఉంది. రెండూ ఆపలేరు.

ఆయన గొప్ప ఆటగాడేమీ కాదు. చదరంగం లోకం ఆయన పేరు చెప్పుకునేది ఈ ఒక్క ఎత్తు వల్లే. పావులు నాలుగే. అచ్చులో జవాబు పక్కనే ఉంది. అయినా ఆయన అక్కడ ఆగి మళ్లీ చూశాడు. నేను పిల్లలకు ఆట నేర్పుతాను, వాళ్లతో ఎప్పుడూ చెప్పేది ఆ చూడటం గురించే.

ఎర్రదీపం

మాస్టారూ, నాకు ఆట అంతంత మాత్రమే వచ్చు, అయినా కాగితం మీద గీసుకుని కూర్చున్నాను. ఒక అనుమానం ఉంది, తర్వాత అడుగుతాను, ముందు నేనే చూస్తాను.

రాగిరేకు

ప్రశ్న మనసులో అనుకుని పుస్తకం తెరిచి జవాబు చూసుకునేవాళ్లు ఉంటారు కదా. ఇది ఆ పద్ధతికి దగ్గరగా లేదూ?

గుణింతం

చెయ్యి చేసే పని ఒకటే. రోమన్లు వర్జిల్ కావ్యాన్ని అలా తెరిచి చూసేవాళ్లు. ఇరాన్‌లో హాఫిజ్ అనే కవి దివాన్‌ను, అంటే ఆయన కవితల సంపుటిని, ఇప్పటికీ అలా తెరుస్తారు. తులసీదాసు రామాయణం ప్రతులలో రామశలాక అని 15 అడ్డం, 15 నిలువు గళ్ల పట్టిక ఉంటుంది, వేలు పెట్టిన గడి నుంచి లెక్కపెట్టుకుంటూ అక్షరాలు పోగుచేసుకోవాలి. క్రైస్తవ గురువు అగస్టీన్ కథ మరీ ప్రసిద్ధం. 386లో మిలాన్‌లో ఒక తోటలో మథనపడుతున్నాడు. "తీసి చదువు" అని పసిగొంతు ఒకటి పక్కనుంచి వినిపించింది. పౌలు లేఖలు తెరిచి, కళ్లు పడిన మొదటి వాక్యం చదివాడు, ఆ తర్వాత చదవాల్సిన అవసరం లేకపోయిందని తనే రాసుకున్నాడు.

మనం మాత్రం ప్రశ్న ఏదీ పెట్టుకోకుండా తెరుస్తున్నాం. నా మటుకు ఇదే ఎక్కువ ఇష్టం. ప్రశ్న పట్టుకుని వెళ్తే పేజీలో ఉన్నదాన్ని మన వైపు లాక్కుంటాం. ఉత్త చేతుల్తో వెళ్తే అక్కడ ఏముందో అదే కనబడుతుంది. స్విఫ్ట్ పిట్ట వానకోయిల గారి ఏ ప్రశ్నకూ జవాబు కాదు కదా!

నల్లసిరా గారికి కూడా ఒక మాట. ముక్కలు తీయడం వల్ల జరిగే అన్యాయం మీరు చెప్పారు, కాదనను. కానీ ముక్కలు తీసినవాళ్ల వల్లే బతికినవి చాలా ఉన్నాయి. గ్రీకు తత్వవేత్త హెరాక్లిటస్ రాసిన పుస్తకం పోయింది. తర్వాతివాళ్లు తమ రాతల్లో ఎత్తి రాసుకున్న వాక్యాలే ఇవాళ మనకున్న హెరాక్లిటస్. గ్రీకు కవయిత్రి సాఫో కవితల్లో పూర్తిగా మిగిలిందని చెప్పుకునే ప్రార్థనాగీతం, డయొనీసియస్ అనే లాక్షణికుడు మంచి శైలికి ఉదాహరణగా దాన్ని పూర్తిగా ఎత్తి రాయబట్టి దక్కింది. మనకు మడికి సింగన ఉన్నాడు. సకలనీతిసమ్మతం అనే సంకలనం కోసం నీతి పద్యాలు ఎక్కడెక్కడి నుంచో ఏరి కూర్చాడు. వాటిలో కొన్నింటి మూలగ్రంథాలు ఇప్పుడు దొరకవు. ఏ పద్యం ఏ గ్రంథంలోదో పేరు పెట్టి రాశాడు కాబట్టే అవి ఉండేవని మనకు తెలుసు. పద్యాలు మాత్రమే రాసుకుని పేర్లు వదిలేసి ఉంటే ఆ గ్రంథాలు రెండోసారి పోయేవి.

నల్లసిరా

గుణింతం గారూ, సింగన ఉదాహరణ నన్ను ఆలోచనలో పడేసింది. పేరు రాసుకుంటే ముక్క మూలానికి దారి చూపిస్తుంది, రాసుకోకపోతే మూలాన్ని మింగేస్తుంది. అలాగైతే మనం ఇక్కడ పోగేసేవి ఎక్కడైనా సక్రమంగా దాచాలి. నాకు ఒక నోటుపుస్తకం ఉంది, నచ్చినవి రాసుకుంటూ వచ్చాను, ఇప్పుడు అందులో ఏదీ వెతికితే దొరకదు. మీరు ఎలా దాచుకుంటారు?

గుణింతం

నా పేరు అక్కడి నుంచే వచ్చింది! జాన్ లాక్ అనే ఇంగ్లీషు తత్వవేత్త ఒక పద్ధతి చెప్పాడు. 1686లో ఫ్రెంచిలో అచ్చయింది, ఇంగ్లీషులో 1706లో. నోటుపుస్తకం మొదట్లో రెండు పేజీలు విషయసూచికకు వదలాలి. రాసుకోబోయే ముక్కకు ఒక శీర్షిక మాట అనుకోవాలి. ఆ మాటలో మొదటి అక్షరం, దాని తర్వాత వచ్చే మొదటి అచ్చు, ఈ రెంటినీ బట్టి సూచికలో గడి ఉంటుంది. ఆ గడిలో పేజీ నంబరు వేసుకోవాలి. ముక్కలు మాత్రం ఖాళీ ఉన్న పేజీలో రాసుకుంటూ పోవచ్చు, ముందే దేనికెన్ని పేజీలో వదలక్కర్లేదు. పేజీ నిండితే తర్వాతి ఖాళీ పేజీకి వెళ్లి, సూచికలో ఆ నంబరు కూడా చేర్చాలి.

హల్లు, దాని మీద అచ్చు. మనకు ఇది ఎక్కాలంత పాతది, గుణింతమే. సూచికలో ఎడమ పక్క క నుంచి హ దాకా కిందికి రాసుకోండి. పైన అడ్డంగా అ, ఇ, ఉ, ఎ, ఒ అని అయిదు గళ్లు చాలు, దీర్ఘాలను హ్రస్వాలతోనే కలిపేయండి. అచ్చుతో మొదలయ్యే మాటలకు పైన ఒక వరస. 'కొలత' మీద రాసుకున్నది క వరసలో ఒ గడిలోకి, 'పిట్ట' ప వరసలో ఇ గడిలోకి, 'వెలుగు' వ వరసలో ఎ గడిలోకి. నేను చాలా ఏళ్లుగా ఇలాగే చేస్తున్నాను, అడిగిన ముక్క నిమిషంలో తీస్తాను. ప్రతి ముక్క కింద పుస్తకం పేరు, పేజీ, ఏ ముద్రణో రాస్తాను. ముద్రణ మారితే పేజీ మారిపోతుంది, అది మరవకండి.

చీకటి_చదువు

దీర్ఘాలు కలిపేస్తే గళ్లు తక్కువవుతాయి, నాకు బ్రెయిల్‌లో చేసుకోవడానికి వీలుగా ఉంటుంది. ఈ రోజే మొదలుపెడతాను. స్విఫ్ట్‌ను 'పిట్ట' కింద పెట్టనా, 'ఆకాశం' కింద పెట్టనా?

గుణింతం

మీకు ఏ మాట ముందు గుర్తొస్తే దాని కింద. ఇంకొకరి మాట కింద పెడితే మీకు దొరకదు.

అట్టముక్క

పాత పుస్తకాలకు అట్టలు కట్టే పని నాది. అందరూ పుస్తకాలు తెరుస్తున్నారు కాబట్టి ఒక మాట చెప్పి పోతాను. కాగితం పసుపు రంగు తిరిగి, మూల మడిస్తే పుటుక్కున విరిగేలా ఉంటే ఆ పుస్తకాన్ని బల్ల మీద వెల్లకిలా పరిచి నొక్కకండి. వీపు పగులుతుంది. రెండు పక్కలా మడిచిన తువ్వాలు పెట్టి, సగమే తెరిచి చదవండి. చిరిగిన చోట సెల్లో టేపు అంటించకండి, దాని జిగురు కొన్నేళ్లకు కాగితంలోకి ఇంకి గోధుమ రంగు మరక చేస్తుంది, ఆ తర్వాత తీయడం మా వల్ల కూడా కాదు.

ఎందుకిలా అవుతుందో నా దగ్గరున్న పుస్తకం పేజీ 60లో ఉంది. పూర్వం కాగితం పాత గుడ్డపేలికలతో చేసేవాళ్లు. 19వ శతాబ్దం సగం దాటాక చెక్క గుజ్జుతో చేయడం ఎక్కువైంది. సిరా పాకకుండా పటిక, గుగ్గిలం కలిపేవాళ్లు. ఆ పటిక వల్ల కాగితంలో ఆమ్లం పెరుగుతుంది, కాగితానికి బలమిచ్చే నారను అది నెమ్మదిగా తెంపేస్తుంది. అందుకే మూడు వందల ఏళ్ల నాటి పుస్తకం మెత్తగా, గట్టిగా ఉంటే, వందేళ్ల నాటిది చేతిలో పొడి అవుతుంది. కొత్తది కొనేటప్పుడు ఆమ్లరహిత కాగితం అని రాసి ఉంటే ఆ సమస్య చాలా వరకు ఉండదు.

పుటల_మధ్య గారూ, మీ భౌతికశాస్త్రం పుస్తకంలో పెన్సిల్ రాత ఉందన్నారు. దాన్ని రబ్బరుతో చెరపకండి. పెన్సిల్ కాగితానికి హాని చేయదు.

పుటల_మధ్య

చెరపను. ఆ పేజీ మూల ఇప్పటికే విరిగిపోయి ఉంది, తువ్వాలు పెట్టే చదువుతాను.

మూడో_అర

పిల్లల అట్లాసు, పేజీ 18. భూమి మధ్య నుంచి కొలిస్తే అన్నింటికంటే దూరంగా ఉన్న శిఖరం ఎవరెస్టు కాదు, ఈక్వడార్‌లోని చింబొరాజో. భూమి నడిమధ్య ఉబ్బి, ధ్రువాల దగ్గర నొక్కుకుపోయి ఉంటుంది. చింబొరాజో భూమధ్యరేఖకు దగ్గరగా ఆ ఉబ్బు మీద నిలబడింది. సముద్రమట్టం నుంచి కొలిస్తే ఎవరెస్టు దానికంటే రెండున్నర వేల మీటర్లు పైన ఉంటుంది. భూకేంద్రం నుంచి కొలిస్తే చింబొరాజో రెండు కిలోమీటర్ల పైచిలుకు ముందుంటుంది. మా పాప, అయితే ఏది పెద్దదని అడిగింది. ఎక్కడి నుంచి కొలుస్తావో ముందు చెప్పమన్నాను. ఇప్పుడు ఇంట్లో ఉన్నవన్నీ కొలుస్తోంది.

ఎర్రదీపం

మాస్టారూ, నా అనుమానం ఇది. మొదటి చెక్ తర్వాత రాజు బి5కే ఎందుకు రావాలి? సి5కి వస్తే ఏనుగు మీదికి ఎదురుపోయినట్టుంటుంది కదా. నాకు అదే మంచి ఎత్తనిపించింది, ఎంత చూసినా తేడా పట్టుకోలేకపోతున్నాను.

మాస్టారు_64

మంచి ప్రశ్న బాబూ. సి5కి వస్తే నలుపు చెక్ ఇవ్వదు, ఏనుగును నేరుగా డి1కి దించుతుంది. నువ్వు బంటును మంత్రి చేస్తావు. అప్పుడు ఏనుగు సి1కి వచ్చి చెక్ ఇస్తుంది. నీ రాజు, వెనక నీ మంత్రి, ఇద్దరూ సి వరసలోనే ఉన్నారు. రాజు పక్కకు జరగక తప్పదు, జరిగితే వెనకున్న మంత్రి పోతుంది. బి వరసలోనే దిగుతూ వస్తే ఆ ప్రమాదం లేదు. ఇప్పుడు నువ్వే చూడు: రాజు బి3లో ఉండగా డి3 నుంచి చెక్ వచ్చింది కదా, అప్పుడు సి2కి ఎందుకు వెళ్లొచ్చు? అక్కడా సి వరసే మరి. బల్ల మీద పెట్టి చూసి రాయి.